టెలిస్కోపు కొంటే పోయిన చుక్కలు తిరిగొస్తాయా?

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ముందు రాసుకుంటాను, తప్పుంటే దిద్దండి. మీకు 36 ఏళ్లు. ఉండేది తిరుపతి కొర్లగుంటలో, సొంతూరు రొంపిచర్ల దగ్గర పల్లె. చిన్నప్పుడు వాకిట్లో మంచమేసుకుని చూసిన చుక్కలు ఇప్పుడు మిద్దెక్కితే పదో పరకో తప్ప అగుపించడం లేదు. 15 వేలు పక్కన పెట్టుకున్నారు. టెలిస్కోపు కొంటే ఆ ఆకాశం మళ్లీ కనబడుతుందా, కొంటే ఏది కొనాలి, ఇంట్లోవాళ్ల నవ్వులకు ఏం చేయాలి. ఇంతే కదా.

టెలిస్కోపు కొంటే ఆ ఆకాశం రాదు. మీ దగ్గర్నుంచి పోయింది చీకటి, అది అంగట్లో దొరకదు. ఆ డబ్బులో సగం పెట్టి మంచి 10×50 బైనాక్యులర్ కొనండి. మిగతా సగం పెట్రోలుకు ఉంచుకోండి. ఇంట్లో పంచాంగం ఎట్లాగూ ఉంటుంది. ఏడాది పాటు ఈ మూడింటితో గడిపి, అప్పటికీ పిచ్చి తగ్గకపోతే టెలిస్కోపు సంగతి మాట్లాడుకుందాం.

నేను శాస్త్రం చదివినవాణ్ణి కాను. లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైనాను. ఎక్కువ కాలం బంగారుపాళెం, పలమనేరు వైపే. ఊళ్లో కరెంటు పోతే జనం తిట్టుకునేవాళ్లు, నేను మాత్రం తలెత్తి పైకి చూసేవాణ్ణి. ఈ పిచ్చి ముదిరింది 1986 ఏప్రిల్‌లో. గాలివానకు ఊళ్లకు కరెంటిచ్చే ఫీడరు లైను ట్రిప్పయితే ఎల్‌సీ, అంటే పని అయ్యేదాకా లైనులో కరెంటు ఆపించే అనుమతి, తీసుకుని స్తంభమెక్కినాను. తెల్లవారుజాము రెండు కావస్తోంది. తెగిన జంపరు తీగ కట్టి చూస్తే చుట్టూ పదూళ్లలో ఒక్క బల్బు లేదు, వాన కడిగిన ఆకాశం. దక్షిణాన, కొండకు పైన, దూదిపింజ అంటించినట్టు ఒక మరక. పేపర్లో రోజూ రాస్తున్న హాలీ తోకచుక్క అదేనని కాసేపటికి తట్టింది. కింద నుంచి హెల్పరు ‘అయిపోలేదా అన్నా’ అని అరుస్తున్నాడు. అయిపోయిందంటే ఎల్‌సీ వాపసు చేయాలి, లైను ఛార్జ్ చేస్తారు, ఊళ్లన్నీ వెలుగుతాయి. ‘ఇంకో పది నిమిషాలు పడుతుందిరా’ అని అబద్ధం చెప్పినాను. ఉద్యోగంలో చెప్పిన అబద్ధాల్లో దానికి మాత్రం నాకు బాధ లేదు.

ఇక అసలు కారణానికి వస్తాను. బాగా చీకటిగా ఉన్న చోట, చంద్రుడు లేని రాత్రి, మామూలు కంటికి రెండు మూడు వేల చుక్కలు కనబడతాయి. తిరుపతి నడిబొడ్డున నూరో నూటయాభయ్యో. మిగతావి ఎక్కడికీ పోలేదు. వీధి దీపాల వెలుగు గాలిలోని దుమ్ముకూ తేమకూ తగిలి చెదిరి ఆకాశాన్నే తెల్లగా చేసింది, వాటి మసక వెలుతురు అందులో మునిగిపోయింది. ఇందులో నా చేయీ ఉంది. ఉద్యోగం చివరి ఏళ్లలో పాత సోడియం దీపాలు దించి తెల్ల ఎల్‌ఈడీలు బిగించిన బృందాల్లో నేనూ ఉన్నాను. సోడియం దీపం వెలుగు దాదాపు అంతా పసుపే. తెల్ల ఎల్‌ఈడీలో నీలం పాలు ఎక్కువ, గాలిలో చెదిరేది నీలమే ఎక్కువ. పగలు ఆకాశం నీలంగా ఉండేదీ ఇందుకే. కరెంటు ఆదా అయిన మాట నిజం. దీపానికి పైన సరైన మూత పెట్టి వెలుగు నేల మీదికే పడేట్టు చేసి ఉంటే ఆదా ఇంకా అయ్యేది, ఆకాశమూ కొంత మిగిలేది.

టెలిస్కోపు చుక్క వెలుగుతో పాటు ఆ తెల్లదనాన్ని కూడా లోపలికి లాక్కుంటుంది. పైగా అది చూపించే ముక్క పౌర్ణమి చంద్రుడు పట్టేంత, మహా అయితే రెండింతలు. మీరు అడిగే ఆకాశం మంచం మీద వెల్లకిలా పడుకుంటే ఈ కొస నుంచి ఆ కొసకు ఉండేది. దాన్ని గొట్టంలోంచి చూడలేం.

ఒక మినహాయింపు ఉంది. చంద్రుడు, గురుడు, శని, జంట నక్షత్రాలు. ఇవి ప్రకాశవంతమైనవి కాబట్టి పట్నం వెలుగు వీటిని ఏమీ చేయలేదు. కొర్లగుంట మిద్దె మీద నుంచి శని వలయాలు నిక్షేపంగా కనబడతాయి. మీ కోరిక అదొక్కటే అయితే నా సలహా వేరేగా ఉండేది. కానీ మీరు అడిగింది మీ ఊరి ఆకాశం గురించి.

నేను మొదట కొన్న టెలిస్కోపు కథ చెబితే మీకు డబ్బు మిగులుతుంది. ఇరవై ఏళ్ల కిందటి మాట. అట్టపెట్టె మీద శనిగ్రహం రంగుల బొమ్మ, పక్కన ‘525 రెట్లు’ అని పెద్ద అక్షరాలు. జీతంలో సగం పోసి తెచ్చుకున్నాను. అద్దం వెడల్పు 60 మిల్లీమీటర్లు. స్టాండు ఎట్లా ఉందంటే, పక్కింటి ఆవిడ మిద్దె మీద వడియాలు తీయడానికి నడిచినా చంద్రుడు గంతులేసేవాడు. తర్వాత తెలిసిన లెక్క ఇది: ఏ టెలిస్కోపైనా అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు వరకే పనికొస్తుంది. 60 మిల్లీమీటర్లకు 120 రెట్లు. అంతకు మించి పెంచితే మసకనే పెద్దది చేసి చూస్తాం. పెట్టె మీద ఎన్ని రెట్లో పెద్దగా రాసి అద్దం వెడల్పు చిన్నగా రాశారంటే దాన్ని అక్కడే వదిలేయండి.

బైనాక్యులర్‌కు వస్తే, 10×50 అంటే పది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు. చేతులు వణికేవాళ్లయితే 7×50 తీసుకోండి, బొమ్మ నిలకడగా ఉంటుంది. ఎర్రగా మెరిసే అద్దాలవీ, జూమ్ ఉన్నవీ వద్దు. అంగట్లో చేయాల్సిన పరీక్షలు రెండు. కళ్లకు ఆనించుకునే వైపు నుంచి జానెడు దూరంలో పట్టుకుని వెలుతురు వైపు తిప్పితే అద్దంలో ఒక చిన్న వెలుగు బిళ్ల కనబడుతుంది. గుండ్రంగా ఉంటే మంచిది, అంచులు చెక్కినట్టు పలకలుగా ఉంటే లోపల నాసిరకం గాజు. రెండోది, దూరంగా ఉన్న ఒక దీపాన్ని చూడండి. రెండు దీపాలు కనబడినా, ఒకటిగా కనబడటానికి కళ్లు లాగినట్టున్నా తీసుకోవద్దు. అది తలనొప్పికి తప్ప ఆకాశానికి పనికిరాదు. దేనితోనూ సూర్యుణ్ణి మాత్రం చూడొద్దు. ఒక్క క్షణం చాలు, చూపు పోతుంది.

చూసేటప్పుడు మోచేతులు పిట్టగోడకు ఆనించండి. అంతకన్నా హాయి, చాప మీద పడుకుని చూడటం. గురుడి నాలుగు చంద్రులు చిన్న చుక్కల్లా పక్కపక్కన వరసగా నిలబడతాయి. 1610లో గెలీలియో చూసింది వాటినే. మా అవ్వ ‘పిల్లలకోడి’ అనేది, పంచాంగం కృత్తికలంటుంది. కంటికి ఆరు కనబడే చోట బైనాక్యులర్‌లో పదుల కొద్దీ నీలిరంగు రవ్వలు. మొదటిసారి చూసినప్పుడు అద్దం మీద తడి పడిందేమోనని తుడిచినాను. తుడిచినా పోలేదు.

పంచాంగాన్ని మించిన గురువు నాకు దొరకలేదు. జాతకాల సంగతి నేను మాట్లాడటం లేదు. గోడ క్యాలెండరులో రోజూ తిథి, నక్షత్రం వేస్తారు కదా, ఆ రెండు గళ్లు చాలు.

తిథి చూస్తే ఎప్పుడు బయల్దేరాలో తెలుస్తుంది. బహుళ దశమి నుంచి శుద్ధ తదియ వరకు సాయంత్రాలు మనవి. చంద్రుడు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు, కాబట్టి బహుళ పక్షం సగానికి వచ్చేసరికి ముందు రాత్రంతా చీకటే. పౌర్ణమి నాడు ఎంత చీకటి పల్లెకు పోయినా లాభం లేదు.

నక్షత్రం గడి చుక్కల పేర్లు నేర్పుతుంది. చంద్రుడు రోజుకు సుమారు 13 డిగ్రీలు జరుగుతాడు, 27 రోజుల చిల్లరలో చుట్టు తిరిగి వస్తాడు. అందుకే 27 నక్షత్రాలు. ఈ రోజు రోహిణి అని ఉంటే రాత్రికి చంద్రుడి దగ్గర్లో నారింజ రంగులో మెరిసేదే రోహిణి. ఇట్లా మఖ, చిత్త, జ్యేష్ఠ నాలుగైదు నెలల్లో ముఖపరిచయం అవుతాయి. పౌర్ణమి చంద్రుడు చిత్త దగ్గరుంటే చైత్రం, కృత్తికల దగ్గరుంటే కార్తీకం. నెలల పేర్లు ఆకాశంలోంచి దిగినవేనని నాకు నలభై దాటాక తెలిసింది. అన్నేళ్లు కార్తీక దీపాలు పెట్టిన ఇల్లే మాది.

ఇందులో ఒక తిరకాసు. పంచాంగం ఆకాశాన్ని 27 సమాన భాగాలు చేస్తుంది, చుక్కలేమో సమానంగా లేవు. అందుకే కొన్ని రోజులు చంద్రుడు నక్షత్రానికి కాస్త ముందో వెనకో ఉంటాడు. స్వాతి, శ్రవణం అయితే చంద్రుడి దారికి ఉత్తరంగా దాదాపు 30 డిగ్రీల ఎడంలో ఉన్నాయి. చెయ్యి చాపి చూస్తే పిడికిలి 10 డిగ్రీలు, విప్పిన జాన 20 డిగ్రీలు. అంటే జానన్నర పైకి వెతకాలి. ఇది తెలియక నేను ఒక సంవత్సరమంతా చంద్రుడి పక్కన ఏదో బుల్లి చుక్కను శ్రవణం అనుకుని దండం పెట్టుకున్నాను.

శ్రవణం అంటే మనకు తెలుసుగా, శ్రీవారి నక్షత్రం. బ్రహ్మోత్సవాల్లో చక్రస్నానం శ్రవణం నాడే. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో రాత్రి ఎనిమిదికి మిద్దెక్కి నిటారుగా పైకి చూడండి. దాదాపు నడినెత్తిన ఉండే తెల్లటి చుక్క అదే. అటొకటి ఇటొకటి చిన్న చుక్కలు, కావడి మోస్తున్నట్టుంటుంది. దాని వెలుగు మన దాకా రావడానికి పట్టేది 17 ఏళ్లే, చుక్కల లెక్కలో ఇరుగుపొరుగు. కింద మాడవీధుల్లో వాహనం తిరిగే వేళకు పైన ఆయన నక్షత్రం నడినెత్తిన ఉంటుందని నేను చెబితే మా వీధిలో చాలామంది నమ్మలేదు. పట్నం వెలుగులో కూడా కనబడేంత పెద్ద చుక్క, ఈ రాత్రికే చూసుకోవచ్చు కాలం కలిసొస్తే.

మన ఊరి ఆకాశానికి ఇంకో భాగ్యం ఉంది, దాన్ని ఉత్తరాది వాళ్ల కోసం రాసిన పుస్తకాలు చెప్పవు. తిరుపతి అక్షాంశం 13 డిగ్రీల చిల్లర. ధ్రువ నక్షత్రం ఎక్కడైనా అక్షాంశమంత ఎత్తులోనే ఉంటుంది, అంటే ఇక్కడ పిడికిలిన్నర లోపే. తిరుపతికి ఉత్తరాన ఉన్నదేమో కొండ. కపిలతీర్థం దగ్గర నిలబడితే కొండే అంతకంటే ఎత్తు, ధ్రువుడు దాని వెనక ఉండిపోతాడు. కొండకు దూరంగా దక్షిణానికి జరిగితే తొంగిచూస్తాడు. ఉత్తరాన ఇట్లా పోయింది దక్షిణాన వడ్డీతో వస్తుంది. జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో దక్షిణ దిక్కున ఒంటరిగా మెరిసే అగస్త్యుణ్ణి చూడండి. ఆకాశమంతటిలో రెండో అతి ప్రకాశవంతమైన నక్షత్రం. మనకు 24 డిగ్రీల ఎత్తుకు వస్తాడు, ఢిల్లీ వాళ్లకు 9 డిగ్రీలు కూడా దాటడు. ఏప్రిల్ చివర, మే నెలలో దక్షిణ శిలువ అనే చుక్కల గుంపు కూడా కనబడుతుంది. దానికి తూర్పుగా, కొంచెం పైన, మసక చుక్కలా ఉండేది ఒమెగా సెంటారీ. బైనాక్యులర్ పెడితే విబూది పండులా గుండ్రంగా, అంచులు రాలుతున్నట్టు. కోటి దాకా నక్షత్రాలు ఒక్క ముద్దలో ఉన్నాయి, దూరం సుమారు 17 వేల కాంతి సంవత్సరాలు. యూరప్ వాళ్లు దాన్ని చూడటానికి విమానం ఎక్కి వస్తారు. మనం మోపెడ్ మీద పోతాం.

కాలం విషయంలోనూ బయటి పుస్తకాలను నమ్మొద్దు. వానలు వెళ్లిపోయాక అక్టోబరు, నవంబరు మంచిదంటారు. మనకు అసలు వానలు అప్పుడే కదా, ఈశాన్య రుతుపవనాలు. 2024లో సుచిన్‌షాన్–అట్లాస్ తోకచుక్క వచ్చినప్పుడు సెప్టెంబరు ఆఖరున తెల్లవారుజామున తూర్పున రెండు రోజులు దొరికింది. అక్టోబరు మధ్యలో సాయంత్రాలు ఇంకా బాగుంటుందని బంధువులందరికీ చెప్పి పిలిచినాను. సరిగ్గా అప్పుడే వాయుగుండం. వచ్చినవాళ్లకు పకోడీలు చేసి పెట్టి పంపించాం. నా లెక్కలో మన వైపు డిసెంబరు రెండో వారం నుంచి ఏప్రిల్ దాకా నమ్మకమైన కాలం. డిసెంబరు 13, 14 రాత్రుల్లో రాలే జెమినిడ్ ఉల్కలకు ఏ పరికరమూ అక్కర్లేదు, దుప్పటి చాలు. పాలపుంత నడిభాగం చూడాలంటే మార్చిలో తెల్లవారుజామున లేవాలి, మే నెలలో అర్ధరాత్రి దాటాక. జూన్, జూలైలో ముందు రాత్రే ఉంటుంది కానీ మబ్బుల దయ.

ఇక ఎక్కడికి పోవాలి. మీ సొంతూరికే పొండి. పరాయి చోట చీకట్లో తిరగడం కంటే నలుగురు ఎరిగిన చోటు మేలు. అయితే ఊళ్లో వద్దు. ఇప్పుడు ప్రతి స్తంభానికీ తెల్లదీపమే, మీ వాకిట్లో కూడా పాత చుక్కలుండవు. ఊరికి కిలోమీటరు అవతల మీ కయ్యల్లో, మోటారు షెడ్డు దగ్గర కూర్చోండి. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ చూస్తే మళ్లీ మొదటికి. టార్చికి ఎర్ర గాజు కాగితం రెండు మడతలు చుట్టండి.

భద్రత గురించి మూడు మాటలు, మొదటిది లైన్‌మన్‌గా చెబుతున్నాను. అడవిపందులు రాకుండా కొందరు చేను చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ కడతారు. అది నేరమని తెలిసీ కడతారు. రాత్రిపూట తెలియని చేలో అడుగు పెట్టొద్దు, ఎవరి పొలమో వాళ్లకు పగలే చెప్పి పొండి. అట్లాంటి తీగ దగ్గర తెల్లారి కరెంటు తీయడానికి పోయిన రోజులు నాకు ఉన్నాయి, వాటి గురించి ఇంకేం రాయను. రెండోది, పలమనేరు నుంచి కుప్పం దాకా కౌండిన్య అడవి అంచున ఏనుగులు రాత్రే చేలలోకి దిగుతాయి. అక్కడ చీకటి బ్రహ్మాండంగా ఉంటుంది, అయినా వెళ్లొద్దు. శేషాచలం అడవి అంచులు కూడా అంతే, చిరుతలున్నాయి. మూడోది పాములు. గెనిమల మీద బూట్లు లేకుండా నడవొద్దు.

ఇంకో ప్రమాదం ఉంది, అది మనుషుల నుంచి. ఒకసారి బంగారుపాళెం వైపు ఒక గుట్ట మీద, పాడుబడిన గుడి పక్కన స్టాండు మీద గొట్టం పెట్టుకుని కూర్చున్నాను. పావుగంటలో కర్రలు పట్టుకుని పదిమంది చుట్టుముట్టారు. గుప్తనిధులు తవ్వేవాళ్లమనుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. రాత్రిపూట పాత గుడి దగ్గర ఎర్ర లైటు వేసుకుని మూడు కాళ్ల యంత్రంతో ఉన్నవాణ్ణి నేనైనా అట్లాగే అనుకుంటాను. ‘కరెంటాయనను’ అంటే ఇంకా అనుమానం, ఇక్కడ స్తంభమే లేదు కదా అని. చివరికి వాళ్లలో ఒక పెద్దాయన్ను గొట్టంలోంచి తదియ చంద్రుణ్ణి చూడమన్నాను. ఆయన చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కర్ర పక్కన పెట్టి, ‘ఇదేంది నాయనా, ఉడికిన సంగటి మాదిరి బొక్కలు బొక్కలుగా ఉంది’ అన్నాడు. ఆ గుంతల గురించి అంతకన్నా మంచి వర్ణన నేను ఎక్కడా చదవలేదు. ఆ రాత్రి పదిమందీ వరసలో నిలబడి చూసి, కింది దాకా వచ్చి బండి ఎక్కించి పోయారు. అప్పట్నుంచి ఎక్కడికి పోయినా ముందు ఊళ్లోవాళ్లకు చెప్పి, మొదటి చూపు వాళ్లకే ఇస్తున్నాను.

మిద్దె గురించి రెండు మాటలు. పగలంతా కాగిన సిమెంటు రాత్రి పదకొండు దాకా వేడి వదులుతూనే ఉంటుంది. ఆ వేడి గాలిలో గ్రహాలు ఉడుకుతున్న ఎసట్లో బియ్యపు గింజల్లా కదులుతాయి. అర్ధరాత్రి దాటాక చూడండి. వానాకాలం తేమకు అద్దాలకు బూజు పడుతుంది. నా మొదటి బైనాక్యులర్ అట్లాగే పోయింది, తోలు సంచిలో భద్రంగా పెట్టానని మురిసిపోయి ఆరు నెలలు తీయలేదు. గాలి పోని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, నెలకోసారి తీసి వాడండి.

ఏడాది తర్వాత కూడా కావాలనిపిస్తే 6 అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ రకం టెలిస్కోపు కొనుక్కోండి. నేల మీద పెట్టే చెక్క పీట, దాని మీద లావుపాటి గొట్టం, తిప్పడానికి మోటార్లేమీ ఉండవు. మీ 15 వేలకు రాదు, ఇంకా కూడబెట్టాలి. కూడబెట్టే లోపు నష్టమేమీ లేదు. 2025 మార్చిలో శని వలయాలు మనకు అంచు వైపు తిరిగి సన్నటి గీతలా అయిపోయాయి, అప్పట్నుంచి ఏటేటా విచ్చుకుంటున్నాయి. 2032 ప్రాంతానికి నిండుగా తెరుచుకుంటాయి.

పెద్ద టెలిస్కోపు ఎట్లా ఉంటుందో చూడాలంటే చిత్తూరు దాటి వేలూరు మీదుగా జవ్వాది కొండల్లో కావలూరు ఉంది. తమిళనాడు తిరుపత్తూరు జిల్లా. పేరు చూసి మన తిరుపతి అనుకునేరు. వైను బప్పు వేధశాల అది. ఆ బప్పుగారు ఖగోళ శాస్త్రవేత్త, హైదరాబాదులో పెరిగినవారే, వాళ్ల నాన్నగారు నిజామియా వేధశాలలో పనిచేశారు. 1949లో ఒక తోకచుక్కకు బప్పుగారి పేరు కూడా చేరింది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉంటే ఉత్తర, దక్షిణ ఆకాశాలు రెండూ అందుతాయని కావలూరును ఎంచుకున్నారు. నేను పైన చెప్పిన భాగ్యమే ఇది. 1972లో పెట్టిన ఒక మీటరు టెలిస్కోపుతో 1977లో యురేనస్ వలయాల జాడ చూశారు. 1986లో వచ్చిన పెద్దది 2.3 మీటర్లు. సందర్శకుల వేళలు కనుక్కుని పోవాలి.

ఒకటి ముందే చెప్పి ఉంచుతాను, భయపడకుండా. చంద్రగిరి, పాకాల వైపు రాత్రి ఎప్పుడైనా నిటారుగా ఆకుపచ్చ గీత ఆకాశంలోకి పోతూ కనబడితే అది గాదంకి వాతావరణ పరిశోధన కేంద్రం వాళ్ల లేజరు. మా బంధువొకాయన దాన్ని చూసి ఉల్క నేలలోంచి లేచిందన్నాడు. శ్రీహరికోట రాకెట్లయితే మీకు తెలిసినవే, మన మిద్దెలకు సూటిగా తూర్పున. 2024 డిసెంబరు 30న రాత్రి పది గంటలకు స్పేడెక్స్ ఉపగ్రహాలను పంపినప్పుడు చూసి ఉంటారు.

ఇంట్లోవాళ్ల నవ్వుల సంగతి మిగిలింది. మా పెళ్లి పొద్దున పదకొండు గంటలకు, షామియానా కింద. అయ్యవారు పైకి చూపించి ‘అరుంధతి కనబడిందా అమ్మా’ అన్నాడు. పైన ఉన్నది ట్యూబులైటు. మా ఆవిడ ‘కనబడింది’ అంది, నేనూ తలూపినాను. ఇరవయ్యారేళ్ల తర్వాత ఒక మార్చి నెల అమావాస్యకు మా మామగారి మడి గట్టు మీద కూర్చోబెట్టి సప్తర్షుల్లో తోక నుంచి రెండో చుక్క చూపించినాను. వశిష్ఠుడు. పక్కనే ఆనుకుని మసకగా ఇంకోటి. ‘ఏదీ, ఏదీ’ అంటూ కాసేపు వెతికింది. బైనాక్యులర్ ఇచ్చేసరికి రెండూ విడివిడిగా దొరికాయి. కళ్లు తీయకుండానే, ‘ఆ పొద్దు కనబడిందని అబద్ధం చెప్పినా’ అంది. నేనూ అంతే అన్నాను. ఇప్పుడు అమావాస్య ఎప్పుడో క్యాలెండరు చూసి చెప్పేది ఆమే. మీ ఆవిడనూ ఫిబ్రవరి ఆఖరు నుంచి జూన్ లోపు ఒకసారి మీ ఊరికి తీసుకుపొండి, అరుంధతి ఆ నెలల్లోనే సాయంత్రాలు ఉత్తరాన ఉంటుంది. ఫ్లాస్కులో టీ మరిచిపోవద్దు.